షార్లు రిషే పండితుని చరిత్రము

మన బొర్రా గుహలలో ప్రవహించు గోస్తనీనది అనంతగిరి కొండలలో పుట్టి, మలుపులు తిరిగి దిగి, భీమునిపట్టణము చెంత బంగాళాఖాతమున గలియుచున్నది. కొండనీరు సముద్రమునకు దిగుచుండగా సముద్రపు సరకు కొండకెక్కి వచ్చుచున్నది. మన వారపు సంతలలో ఉప్పుచేపల తట్టలు, ఎండురొయ్యల గుట్టలు చూడనివారు లేరు. కూరకు రుచియు దేహమునకు పుష్టియు నిచ్చు ఈ వస్తువులను మనవారు ప్రీతితో భుజింతురు. అయినను ఒకే పంక్తిని గూర్చుండి ఒకే కూర తినినవారిలో ఏ ఒక్కనికో పెదవులు దురదపెట్టును. ఒడలెల్ల దద్దుర్లు లేచును. ఒక్కొక్కప్పుడు ఊపిరి సలుపకుండును. అట్టివానిని జూచి పెద్దలు, ఆ కూర వానికి పడదని చెప్పి ఊరకుందురు.

పడదు అను ఈ చిన్నమాట వెనుక గొప్ప శాస్త్రమొకటి దాగియున్నది. ఆ శాస్త్రమునకు తలుపు తెరచిన మహనీయుడు ఫ్రాన్సుదేశీయుడగు షార్లు రిషే. ఆయన వెదకినది యొకటి, ఆయనకు దొరకినది మరియొకటి. దొరకినదానిని త్రోసివేయక నమ్మి పరీక్షించుటయే ఆయన గొప్పతనము. అట్టివాని చరిత్రము మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఉపయోగింపగలదని తలంచి సంగ్రహముగా వ్రాయుచున్నాను.

రిషే 1850వ సంవత్సరము ఆగస్టు నెలలో పారిసు నగరమున జన్మించెను. ఆయన తండ్రి ఆల్ఫ్రెడు రిషే శస్త్రవైద్యమునందు పేరుగాంచిన ఆచార్యుడు. తండ్రియు, తానును, తన కుమారుడును, తన మనుమడును వరుసగా నాలుగు తరములవారు వైద్యశాస్త్రాచార్యులగుట ఆ కుటుంబమునకే చెల్లినది. బాల్యమున రిషేకు సాహిత్యమునందు మిక్కిలి మక్కువయుండెను. కవియగుదునా, వైద్యుడనగుదునా యని కొంతకాలము ఊగిసలాడి, తుదకు తండ్రి త్రోవనే పట్టెను. అయినను కలమును విడువలేదు. పద్యములు, నాటకములు, నవలలు జీవితాంతము వ్రాయుచునే యుండెను.

వైద్యవిద్యలో ఆయన మనస్సు రోగులకు మందులిచ్చుటకంటె దేహయంత్రము నడచు తీరును దెలిసికొనుటయందే లగ్నమయ్యెను. జీర్ణకోశమునందూరు ఆమ్లరసమును గూర్చి పరిశోధించి 1878లో శాస్త్రాచార్య పట్టమును బడసెను. 1887లో పారిసు వైద్యకళాశాలయందు శరీరధర్మశాస్త్రమునకు ప్రధానాచార్యుడుగా నియమింపబడెను. ఆయన పరిశోధనలలో నొకటి మన పిల్లలకు సులభముగా బోధపడునది. ఎండకాలమున వీధికుక్క నాలుక వెలికిజాచి రొప్పుచుండుట మనము చూచుచుందుము. మనుష్యుడు చెమటపోసి చల్లబడును. కుక్క చర్మమున అట్లు చెమటపట్టదు. ఆ రొప్పుట యలసటచేతనే కాదనియు, నోటినుండియు ఊపిరితిత్తులనుండియు తేమను ఆవిరిగా విడిచి దేహతాపమును తగ్గించుకొనుట యనియు రిషే నిరూపించెను. అందరును ప్రతిదినము చూచుచు నూరకుండు సంగతిని నిలిచి ప్రశ్నించుట ఆయనకు స్వభావము.

ఆ కాలమున ఐరోపాలోని పండితులందరి నోట వినవచ్చుచుండినమాట రక్షణ. మశూచికము ఒకసారి సోకి బ్రతికినవానికి అది మరల రాదని లోకమున కెప్పుడో తెలియును. పాశ్చరు పండితుడు ఈ న్యాయమును మరికొన్ని వ్యాధులకు విస్తరింపజేసెను. రిషేయు ఈ మార్గముననే నడచి, 1888లో ఎరికూరు అను సహచరునితో గూడి, ఒక సూక్ష్మజీవిని తట్టుకొనిన కుక్క రక్తమును కుందేలునకు ఎక్కించినచో ఆ కుందేలునకును కొంత రక్షణ కలుగుచున్నదని చూపెను. 1890వ సంవత్సరము డిసెంబరు నెలలో ఇట్టి రక్తరసమును మొట్టమొదటిసారి మనుష్యునికి సూదిద్వారా ఎక్కించి చూచెను. కాబట్టి ఏ విషమైనను కొద్దికొద్దిగా అలవాటుచేసినచో దేహము దానిని జయించునను విశ్వాసము ఆయనలో గాఢముగా నాటుకొనియుండెను. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయనగా ఈ విశ్వాసమునకే మున్ముందు దెబ్బతగులనున్నది.

మొనాకో యను చిన్న రాజ్యమునకు ప్రభువైన మొదటి ఆల్బర్టు సముద్రశాస్త్రమునందు గొప్ప అభిమానముగలవాడు. ఆయన తన ఓడను పరిశోధనశాలగా మార్చి, పండితులను వెంటబెట్టుకొని సముద్రములు తిరుగుచుండెను. 1901వ సంవత్సరము వేసవిలో ఆ ఓడమీద రిషేయు, పాల్ పోర్టియే అను యువశాస్త్రజ్ఞుడును అట్లాంటిక్ సముద్రమునకు బయలుదేరిరి. ఆ జలములలో ఫైసేలియా యను నొక వింత జీవి తేలియాడుచుండును. నీలిరంగు గాలితిత్తివంటి దేహము నీటిపైనను, త్రాళ్లవంటి పొడుగుపాటి తంతువులు నీటిలోపలను ఉండును. నావికులు దీనిని పోర్చుగీసు యుద్ధనౌక యని వ్యవహరింతురు. దాని తంతువులు తగిలిన మనుష్యుడు కొరడాతో కొట్టినట్లు విలవిలలాడిపోవును, కొందరు మూర్ఛిల్లుదురు. ఈ విషమేమో పరీక్షింపుడని ప్రభువు వారిని గోరెను. వారు ఓడమీదనే ఆ తంతువులను నూరి, రసము దీసి, పక్షులకును చిన్న జంతువులకును ఎక్కించి, అందు తీవ్రమైన విషము గలదని నిర్ధారణ చేసిరి.

పారిసునకు తిరిగివచ్చినపిదప ఫైసేలియాలు దొరకుట దుర్లభమయ్యెను. అందుచే ఫ్రాన్సు తీరమున రాళ్లకంటుకొని పువ్వువలె విచ్చుకొనియుండు మరియొక విషజీవిని వారు గైకొనిరి. చూపునకది పువ్వేకాని నిజమునకు జంతువు. దీనిని సముద్రపుపువ్వని పిలుతురు. దాని రేకులవంటి తంతువులను గ్లిసరినులో నానబెట్టి విషము దీసి, ఎంత ప్రమాణము ఎక్కించినచో కుక్క చచ్చునో, ఎంతవరకు బ్రతుకునో లెక్కించుట మొదలిడిరి. ఎక్కువ ప్రమాణము పొందినవి కొన్నిదినములకు చచ్చుచుండెను. తక్కువ పొందినవి కోలుకొనుచుండెను. కోలుకొనిన కుక్కలను కొన్నివారములు విశ్రాంతిగా ఉంచి మరల పరీక్షకు దెచ్చుచుండిరి. ఒకసారి విషమును తట్టుకొనినది రెండవసారి మరింత గట్టిగా నిలుచునని ఎవరైనను తలంపవలసియుండెను.

ఆ కుక్కలలో నెప్ట్యూను అను నొకటి యుండెను. నెప్ట్యూను అనునది రోమనుల పురాణములలో సముద్రదేవత పేరు. అది మంచి బలిష్ఠమైన కుక్క. 1902వ సంవత్సరము జనవరి నెలలో దానికి స్వల్పముగా విషమెక్కించిరి. దానికేమియు కాలేదు. మూడువారములు దాటినపిమ్మట, ఫిబ్రవరి 10వ తేదీన, అది సంపూర్ణారోగ్యముతో నుండగా, మునుపటివలెనే స్వల్పప్రమాణమును మరల ఎక్కించిరి. కొన్ని క్షణములలోనే దానికి ఊపిరి ఆడదయ్యెను. నిలువలేక ప్రక్కకు ఒరిగిపోయెను. విరేచనములయ్యెను, రక్తము కక్కుకొనెను. 25 నిమిషములలో ప్రాణము విడిచెను. మొదటిసారి ఏ హానియు చేయని కొలతయే రెండవసారి మృత్యువాయెను. ఆ మూగజంతువు మరణము దయగల హృదయములకు బాధ కలిగింపకపోదు. దానివలన కలిగిన జ్ఞానము పిమ్మట ఎందరి ప్రాణములనో నిలుపుటకు తోడ్పడెనను సంగతియు మరువరానిది.

ఇట్టి సమయమున సామాన్యుడు ఏమి చేసియుండును? మందు చెడిపోయినదనియో, కుక్కకు లోపల మరియేదో జబ్బున్నదనియో, కొలత తప్పినదనియో చెప్పి పుస్తకమున ఒక గీతగీసి మరచిపోయియుండును. తన ఇరువదియేండ్ల విశ్వాసమునకు ఎదురుగా నిలిచిన సాక్షిని కాదనుటకు మనుష్యునికి కారణములు కరవుగావు. రిషేయు మొదట నమ్మలేకపోయెను. కాని నమ్మకపోవుటతో నూరకుండక మరికొన్ని కుక్కలపై పరీక్షించెను. ఫలమదియే. రెండవసారి వెంటనే, కొద్దిదినములలోనే ఎక్కించినచో ఈ ఉపద్రవము కలుగదనియు, రెండుమూడు వారముల వ్యవధి గడచినపిమ్మటనే కలుగుచున్నదనియు తేలెను. అనగా ఆ నడిమికాలమున దేహము ఊరకయుండక లోపల ఏదో సిద్ధపరచుకొనుచున్నదన్నమాట. ఆ నెల 15వ తేదీననే రిషే, పోర్టియేలు ఇరువురును పారిసులోని జీవశాస్త్రసభకు ఈ విషయమును నివేదించిరి. గ్రీకుభాషలో రక్షణకు ఫిలాక్సిస్ అని పేరు. ఇది రక్షణకు వ్యతిరేకమైనది గనుక దీనికి అనాఫిలాక్సిస్ అని నామకరణము చేసిరి. రక్షింపవలసిన శక్తియే భక్షించుట యని మనము చెప్పుకొనవచ్చును.

ఈ వార్త వెలువడినపిదప ఇతర పండితులును ఆ త్రోవను ద్రొక్కిరి. 1903లో ఆర్తూసు అను ఫ్రెంచి పండితుడు విషమే కాదు, గుఱ్ఱపు రక్తరసమువంటి నిరపాయమైన పదార్థముకూడ పదేపదే ఎక్కించినచో ఇట్టి వికారము కలిగింపగలదని చూపెను. 1906లో వియన్నా నగరపు బాలవైద్యుడు పిర్కే, దేహము ఒక పదార్థమునకు మునుపటికంటె భిన్నముగా స్పందించుటను ఎలర్జీ యని పిలిచెను. నేడు లోకమంతట వినవచ్చు ఈ పదము అప్పుడు పుట్టినదే. రిషే తానును సముద్రముఖము విడువలేదు. ఐరోపావారు ప్రీతితో తిను ఆల్చిప్పలజాతి జీవులనుండి ఒక పదార్థమును దీసి, అదియు ఇట్లే పనిచేయుచున్నదని 1907 ప్రాంతమున తెలిపెను. సూదిచేతనే గాక నోటితో తినిన ఆహారముచేతను ఈ వికారము కలుగవచ్చునని కూడ ఆయన పరిశోధించి ప్రకటించెను.

1913లో ఆయనకు వైద్యశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. ఆ బహుమానము రిషే ఒక్కనికే ఈయబడెను. ఓడమీదను పరిశోధనశాలలోను ప్రక్కన నిలిచి పనిచేసిన పోర్టియే పేరు అందు చేరలేదు. అయినను 1902 నాటి నివేదికమీద ఇరువురి పేర్లును నిలిచియున్నవి. ఆ బహుమాన సందర్భమున చేసిన యుపన్యాసమున రిషే ముఖ్యమైన సత్యము నొకదానిని ఎత్తిచూపెను. ముఖములు వేరైనట్లే, మనస్సులు వేరైనట్లే, మనుష్యుల రక్తములును వేరువేరు స్వభావములు గలవని ఆయన బోధించెను. మునుపు దేహమున ప్రవేశించిన పదార్థములనుబట్టి ప్రతిదేహమునకును ఒక ప్రత్యేకచరిత్ర ఏర్పడును. కావున ఒకనికి అమృతమైనది మరియొకనికి విషమగుటలో వింతలేదు.

చేపలవిషయమున దీనికి గట్టి నిదర్శనము ఆయన జీవితకాలముననే దొరకెను. 1921లో, నాడు జర్మనీలోని బ్రెస్లా నగరమున ప్రౌస్నిట్జు, కుస్ట్నరు అను ఇద్దరు వైద్యులుండిరి. కుస్ట్నరునకు ఉడికించిన చేప పడదు. తినినచో దద్దుర్లు మొదలగు బాధలు కలుగును. ప్రౌస్నిట్జునకు చేపవలన ఏ బాధయు లేదు. ప్రౌస్నిట్జు తన మిత్రుని రక్తరసమును కొద్దిగా తన పొట్టచర్మమున ఎక్కించుకొని, మరునాడు అదేచోట చేపరసమును సూదితో చొప్పించుకొనెను. వెంటనే అచ్చోట చర్మము ఎఱ్ఱబడి దద్దురుగా ఉబ్బెను. అందుచే చేపతో పోరాడు వస్తువు మిత్రుని రక్తమునందే ఉన్నదనియు, అది మనోభ్రాంతి కాదనియు నిశ్చయమయ్యెను. మంచిచేపను పాపము నిందించుచున్నాడని ఇక నెవ్వరును అనరాదు.

రిషే ప్రతిభ ఒక్క శాస్త్రమునకే పరిమితము కాలేదు. మనుష్యుడు గాలిలో నెగురుట వట్టికల యని లోకులు నవ్వుచుండిన దినములలో, 1890 మొదలుగా తాతెన్ అను శిల్పితో గూడి మనుష్యుడు లేని ఆవిరివిమానముల నమూనాలను చేయించి పరీక్షించెను. 1907లో బ్రెగే సోదరులతో గూడి, రెక్కలు గిరగిర తిరుగు యంత్రమొకదానిని నిర్మింపజేసెను. నలుగురు మనుష్యులు నాలుగు మూలల పట్టుకొనియుండగా అది మనుష్యుని మోసికొని నేలనుండి కొద్దిగా పైకిలేచెను. నేటి హెలికాప్టరులకు పూర్వగాములలో అది యొకటి. యుద్ధములను మాన్పి దేశముల తగవులను పంచాయతీచే తీర్చుకొనవలెనని బోధించు శాంతిసంఘములకు ఆయన అగ్రగణ్యుడై యుండెను.

మహనీయుల చరిత్రములో గుణములనేగాక దోషములనుగూడ చెప్పుట న్యాయము. రిషే రెండువిషయములలో తప్పుదారి నడచెను. మొదటిది, చనిపోయినవారి ఆత్మలను రప్పింతుమని చెప్పు మాంత్రికులవంటివారిని ఆయన చీకటిగదులలో కూర్చుండి ఏండ్లతరబడి పరీక్షించి, వారిలో కొందరి వింతలను నిజమని నమ్మెను. పరిశోధనశాల వెలుతురులో అంత నిశితమైన చూపు చీకటిగదిలో మసకబారెను. రెండవది అంతకంటె పెద్దది. మనుష్యజాతులలో కొన్ని ఉన్నతములు, కొన్ని నీచములనియు, బలహీనులు సంతానము కనరాదనియు బోధించు వాదమును ఆయన పుస్తకములు వ్రాసి సమర్థించెను. 1920 మొదలు కొన్నియేండ్లు ఆ వాదమునకు ఫ్రాన్సులో ఏర్పడిన సంఘమునకు అధ్యక్షుడుగానుండెను. ప్రతిమనుష్యుని రక్తము ప్రత్యేకమైనదని లోకమునకు చాటినవాడే, కోట్లకొలది జనులను వారి రంగునుబట్టి ఒక్కటిగా తూచి తక్కువచేయుట ఎంత వైపరీత్యము! కొండజాతులవారమని చులకనగా చూడబడుట మన విద్యార్థులు ఎరుగనిది కాదు. ఆయన శాస్త్రమును గ్రహించి, ఆయన దురభిప్రాయమును ఆ శాస్త్రముచేతనే ఖండింపవచ్చును.

రిషే 1935వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన, 85వ యేట, పారిసులో మరణించెను. ఆయన తెరచిన తలుపు మరల మూతపడలేదు. కుస్ట్నరు రక్తమునందలి ఆ వస్తువేదో 1966, 1967 సంవత్సరములలో అమెరికాలో పనిచేయుచుండిన ఇషిజాకా దంపతులును, స్వీడనుదేశపు పండితులును వేరువేరుగా కనుగొనిరి. దానిని నేడు ఐ.జి.ఇ. అందురు. అది దేహపు కాపలావానివంటిది. రొయ్యలోని మాంసకృత్తును శత్రువని పొరపాటుపడి గుర్తుంచుకొనును. మరల ఆ వస్తువు లోపలికి వచ్చినప్పుడు కొన్ని కణములను రేపి హిస్టమిను మొదలగు ద్రవ్యములను ఒక్కుమ్మడిగా విడిపించును. అందువలన చర్మము దద్దురెక్కును, గొంతు వాచును, ఊపిరిగొట్టములు బిగుసుకొనును, రక్తపుపోటు పడిపోవును.

రొయ్యలో ఇట్లు కాపలావానిని మోసపుచ్చు ముఖ్యపదార్థము ట్రోపోమయోసిను అను కండరపు మాంసకృత్తని 1993లో ప్రకటించినవారిలో బెంగుళూరులోని భారత విజ్ఞానసంస్థ పరిశోధకులుండిరి. మన తీరమున దొరకు తెల్లరొయ్యయే వారి పరిశోధనకు ఆధారమయ్యెను. ఈ పదార్థము వేడికి చెడదు. కావున ఉడికించినను, వేపినను, ఎండబెట్టినను రొయ్య పడనివానికి పడదు. పీతలోను ఇట్టిదే యున్నది గనుక రొయ్య పడనివారిలో పలువురికి పీతయు పడదు. చేపలో ఇబ్బంది కలిగించునది మాత్రము వేరొక మాంసకృత్తు. అందుచే రొయ్య పడనివాడు చేపను తినగలుగవచ్చును. చేప పడనివాడు రొయ్యను తినగలుగవచ్చును. ఏది పడునో ఏది పడదో వైద్యుడు పరీక్షించి తేల్చవలెను గాని ఇంటిలో తినిపించి చూడరాదు.

ఇచ్చట నా తప్పిద మొకటి చెప్పుకొనవలసియున్నది. చాల సంవత్సరముల క్రిందట నేను పనిచేయుచుండిన ఒక పాఠశాల వసతిగృహమున ఒకనాడు వంకాయతో ఎండురొయ్యలు వండిరి. కొండయూరినుండి క్రొత్తగా చేరిన చిన్నవాడొకడు రెండుముద్దలు తిని, నోరు దురదగా నున్నదని విస్తరి ప్రక్కకు నెట్టెను. అంతకు ముందువారమును వాడు అట్లే చెప్పియుండెను. తిండికి వంకలు పెట్టుచున్నాడని తలంచి, అన్నము పారవేయరాదని నేను మందలించి తినిపించితిని. పావుగంట గడవకముందే వాని కన్నులు మూసికొనిపోవునట్లు మొగము వాచెను. గొంతులో పిల్లికూతలు బయలుదేరెను. దైవానుగ్రహమున వాహనము దొరకి, ఆసుపత్రిలో వైద్యుడు తొడకు సూదివేయగా వాడు బ్రతికెను. నెప్ట్యూను మొదటి సూచన ఈయలేదు. ఆ బాలుడు ఇచ్చెను. వినవలసినవాడను నేను వినలేదు. రిషే చరిత్రము చదివినప్పుడెల్ల నాకు ఆ మొగమే జ్ఞప్తికి వచ్చును.

కావున తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, వంటవారును గమనింపవలసిన సంగతులు కొన్ని గలవు. చేప, రొయ్య, పీత తినిన కొద్ది నిమిషములలోగాని, సామాన్యముగా రెండుగంటలలోగాని నోటిదురద, దద్దుర్లు, పెదవులవాపు, కడుపునొప్పి, వాంతి కలిగినచో అది మొదటి హెచ్చరిక. గొంతు బిగియుట, మాట బొంగురుపోవుట, పిల్లికూతలు, తలతిరుగుట, సొమ్మసిల్లుట కనబడినచో అది ప్రాణాపాయము. ఒకసారి తేలికగా పోయినది రెండవసారియు తేలికగానే పోవునని నమ్మరాదు. పసితనమున పాలు, గ్రుడ్లు పడనివారికి పెద్దయైనపిమ్మట పడుట తరచుగా కలదు. చేపయు రొయ్యయు పడనివారికి ఆ గుణము సాధారణముగా జీవితాంతము నిలుచును. కొద్దికొద్దిగా తినిపించి అలవాటు చేయుదమని ఇంటిలో ప్రయత్నించుట మిక్కిలి అపాయకరము.

అపాయము సంభవించినప్పుడు మొదటి మందు అడ్రినలిను సూది. రిషే ఓడయాత్ర చేసిన 1901వ సంవత్సరముననే టకమినే అను జపానుదేశీయుడు ఈ మందును శుద్ధరూపమున వేరుచేసిన సంగతిని ప్రకటించుట విశేషము. ఒకే యేడు రోగమునకు దారియు, మందునకు దారియు తెరువబడెను. దీనిని తొడ వెలుపలివైపు కండరములో వేయుదురు. దురదకు మ్రింగు మాత్ర దద్దుర్లను తగ్గించునేకాని, మూసికొనిపోవు గొంతును తెరువజాలదు; మాత్రయిచ్చి చూతమని కాలము గడుపరాదు. వెంటనే 108కి కబురుచేసి, దగ్గరి ఆసుపత్రికి చేర్పవలెను. టీకాలు వేయువారియొద్ద ఈ మందు ఉంచుట పద్ధతి గనుక కొండయూళ్లలో ఆరోగ్యకార్యకర్తకును కబురు పంపవలెను. వాహనము వచ్చులోపల రోగిని వెల్లకిల పరుండబెట్టి కాళ్లు కొంచెము ఎత్తుగా నుంచవలెను. ఊపిరి ఆడనివానిని కూర్చుండనీయవలెను. వాంతియగువానిని ప్రక్కకు త్రిప్పవలెను. బాగుగానున్నదని లేచి నడువనీయరాదు. తగ్గినపిమ్మటను కొన్నిగంటలు ఆసుపత్రిలోనే యుంచవలెను. ఏలయనగా ఉపద్రవము మరల రావచ్చును.

నివారణయే శ్రేష్ఠము. రొయ్య పడని పిల్లవాని పేరు వంటశాలలోను తరగతిలోను వ్రాసియుంచవలెను. పచ్చడిలోను కూరలోను కలిపిన ఎండురొయ్యలపొడి కంటికి కనబడదు, అడిగి తెలిసికొనవలెను. రొయ్యలు వేపిన నూనెలో వానికి వేరొకటి వేపరాదు. అదే గరిటెతో వడ్డింపరాదు. కొందరికి ఉడుకుచున్న రొయ్యల ఆవిరియే చాలును. మరియొక సంగతి. సూరవంటి చేపలు వేడికి నిలువయుండి పాడైనచో వానిలో హిస్టమిను పుట్టి, తినినవారికి ఇట్టి దద్దుర్లనే కలిగించును. వండినను అది పోదు. పంక్తిలో పలువురికి ఒకేసారి ఎఱ్ఱబారినచో చేప చెడినదని అనుమానింపవలెను. ఒక్కనికే మరల మరల కలిగినచో అది వానికి పడని తిండియని గ్రహింపవలెను. రెండింటికిని వైద్యుడే శరణ్యము.

విద్యార్థులారా! రిషే మనకు విడిచిపోయిన పాఠము ప్రయోగశాలలకే చెందినది గాదు. తాను నమ్మినదానికి విరుద్ధముగా నొక కుక్క సాక్ష్యమిచ్చినప్పుడు ఆయన ఆ సాక్ష్యమును విచారించెను. మనుష్యులవిషయమున అట్లు విచారింపని చోట ఆయనయే తప్పటడుగు వేసెను. మీ ప్రక్కన గూర్చుండిన బాలుడు ఈ కూర నాకు పడదని చెప్పినప్పుడు నవ్వకుడు, బలవంతపెట్టకుడు, వెంటనే పెద్దలకు చెప్పుడు. పెద్దలమైన మేమును వినుట నేర్చుకొందుము. గోస్తనీ నీరు సముద్రమునకు పోవుచునే యుండును. సముద్రపు తట్టలు మన సంతకు వచ్చుచునే యుండును. తినగలవారు తృప్తిగా తినుదురుగాక. తినలేనివాని విస్తరిలో మరియొక కూర వడ్డింపబడుగాక.